సొప్రానోస్ ఆఖరి సీన్ చూసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను. ఇంతకీ టోనీ చచ్చాడా, లేదా?

మకాం_మనిషి:

ముందే చెప్తున్నా. ‘ది సొప్రానోస్’ చూడనివాళ్ళు, ఎప్పటికైనా చూద్దామనుకుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోండి. 2007లో అయిపోయిన సీరియల్‌కి ఇప్పుడు కథ దాచడమేంటి మావయ్యా అని మా మేనల్లుడు నవ్వాడు. మొన్న గురువారం దాకా నేను చూడలేదు కదా, నాలాంటివాళ్ళు ఇంకొందరు ఉండకపోరు.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదిలిన రోజు నుంచి పట్టుబడి అయ్యేదాకా రాత్రిళ్ళు నా పడక గట్టు మీద మకాంలోనే. మకాం అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక మడత మంచం, ఓ పక్క మేత బస్తాలు, ఇంకో పక్క మందుల డబ్బాలు, గోడకి ఒక పాత టీవీ. ఆ టీవీ హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడు కొత్తది కొనుక్కుని మాకు పంపించింది. అకౌంట్ కూడా వాడిదే. ఎలాగూ రాత్రంతా మేలుకునే ఉంటావు కదా, ఇది చూడు, నీకు నచ్చుతుంది అని వాడే పెట్టి వెళ్ళాడు. మొత్తం 86 ఎపిసోడ్లు. రోజుకొకటి చొప్పున చూశాను. సీడ్ వేసిన వారానికి మొదలుపెడితే, రొయ్య నలభై కౌంటుకి, అంటే కిలోకి నలభై తూగే సైజుకి, వచ్చేసరికి నేనూ ఆఖరి ఎపిసోడ్‌కి వచ్చాను.

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కింద పడే అక్షరాలు చదువుకుంటూ, అర్థం కానిచోట ఆపుకుంటూ లాక్కొచ్చాను. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే ఒకటి నన్ను పట్టేసింది. ఈ టోనీ న్యూజెర్సీలో పెద్ద మాఫియా డాన్. మనుషుల్ని చంపించేవాడు. అలాంటివాడు తన ఇంటి స్విమ్మింగ్ పూల్‌లో వాలిన బాతుల్నీ, వాటి పిల్లల్నీ చూసి చంటిపిల్లాడిలా మురిసిపోతాడు. అవి ఎగిరిపోయిన రోజున ఊపిరాడక కూలిపోతాడు. మనవైపు కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు తోలుకొస్తారు చూడండి, పుట్టి బుద్ధెరిగి నేను వాటిని పట్టించుకున్నదే లేదు. ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడు ఒకచోట బండి ఆపి మరీ చూశాను. వాసన తప్ప ఏమీ అనిపించలేదు లెండి. కానీ ఆపి చూశాను.

ఇక గురువారం రాత్రి సంగతి. అప్పటికి రెండున్నర దాటింది. చెరువు పని తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచు కూడా రొయ్యతో పాటు అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకని డీఓ, అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్, తెల్లవారుజామున బాగా కిందికి పడిపోతుంది. మూడుకి దిగిందంటే గుండెల్లో రాయి పడ్డట్టే. ఏరేటర్లు నీళ్ళని చిలుకుతూ ఉండాలి. పంట చివర్లో రొయ్య బరువెక్కి ఉంటుంది కాబట్టి ఆ టైములో కరెంటు పోతే మనం జనరేటర్ దగ్గరికి నడిచి వెళ్ళే ప్రశ్నే లేదు. పరుగే. కరెంటు పోతే మోగడానికి నాకో సైరన్ ఉండేది. నెల క్రితం పిడుగుకి పోయింది. బాగుచేస్తానని పట్టుకెళ్ళినవాడు ఇప్పటికీ రేపు రేపు అంటున్నాడు.

దీపపు పురుగులు ముసురుతున్నాయని బల్బు ఆర్పేశాను. షెడ్డులో టీవీ వెలుగు ఒక్కటే. టోనీ ఒక హోటల్లో కూర్చున్నాడు. భార్య కార్మెలా వచ్చింది, కొడుకు వచ్చాడు. ఉల్లిపాయ చక్రాలు తెప్పించుకుని ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటున్నారు. బయట కూతురు కారు పార్క్ చేయలేక ముందుకీ వెనక్కీ తంటాలు పడుతోంది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడెవడో లేచి బాత్రూంలోకి వెళ్ళాడు. నేను మంచం మీద ముందుకి వంగి కూర్చున్నాను. తలుపు గంట మోగింది, టోనీ తలెత్తాడు.

అంతే. చీకటి. చప్పుడు కూడా లేదు.

కరెంటు పోయిందిరా అని లేచాను. చీకట్లో మేత బస్తా తగిలి బొటనవేలు గోరు లేచిపోయింది. కుంటుకుంటూ జనరేటర్ దగ్గరికి పోయి, టార్చి నోట్లో పెట్టుకుని, హ్యాండిల్ అందుకుని రెండు తిప్పులు తిప్పాక అప్పుడు వినబడింది, చెరువులో ఏరేటర్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. తొంభై రోజుల నుంచి వింటున్న చప్పుడు చెవికి ఆనడం మానేసింది. అవతలి గట్టు మీదున్న మా కాపలా మామ లైటు వేసి, ఏమైందండీ అని అరిచాడు. ఏం చెప్పను? తిరిగి వచ్చేసరికి టీవీలో పేర్లు పడుతున్నాయి. వాటికి పాట కూడా లేదు.

మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. మూడుసార్లూ అంతే.

మర్నాడు పొద్దున్న మా ఆవిడకి కథ చెప్పాను. ఆవిడ రోజూ రాత్రి సీరియల్స్ చూస్తుంది, ఆ విద్యలో నాకంటే పెద్ద చదువు. “శవం చూపించారా?” అంది. లేదన్నాను. “దండేసిన ఫోటో?” లేదన్నాను. “అయితే వస్తాడు లెండి” అని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

నా బాధేంటంటే, భోజనానికి పిలిచి, పప్పూ కూరా పులుసూ అన్నీ వడ్డించి, పెరుగు వేయకుండా విస్తరి లాగేసినట్టుంది. చిన్నప్పుడు మా నాయనమ్మ ఏ కథ చెప్పినా కథ కంచికి, మనం ఇంటికి అనేది. ఈ కథ కంచికీ వెళ్ళలేదు, నన్ను ఇంటికీ పోనివ్వడం లేదు. మేత చల్లుతూ కూడా అదే ఆలోచన. చచ్చాడా, లేదా? తెలిసినవాళ్ళు చెప్పండి.


రాజోలు_కటింగ్:

అన్నా, చచ్చాడు. ఇందులో రెండో మాట లేదు.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. నాకు కథ కంటే కటింగ్ ముందు కనబడుతుంది. ఈసారి సౌండ్ పెంచి చూడు. గంట మోగుతుంది, టోనీ ముఖం వస్తుంది, ఆ తర్వాత టోనీ కళ్ళకి కనబడే తలుపు వస్తుంది. మళ్ళీ గంట, మళ్ళీ ముఖం, మళ్ళీ తలుపు. ఎవరో వస్తారు, భార్య వస్తుంది, జాకెట్ వేసుకున్నవాడు, వాడి వెనకే కొడుకు. నీకు తెలియకుండానే నీ కంటికి ఆ వరస అలవాటు చేసేశాడు. ఆఖరిసారి గంట మోగింది, ముఖం వచ్చింది. తర్వాత రావాల్సింది ఏంటి? టోనీ చూసేది. వచ్చిందేంటి? నలుపు. అంటే ఆ క్షణంలో టోనీకి కనబడింది అదే.

ఇంకోటి గమనించావా? మొదట్లో టోనీ హోటల్లోకి వచ్చి నిలబడి లోపలికి చూస్తాడు. తర్వాతి షాట్‌లో టేబుల్ దగ్గర కూర్చున్నది టోనీయే. నడిచి వెళ్ళడం చూపించడు. తనని తాను చూసుకున్నట్టుంటుంది. ఇలాంటివి పొరపాటున పడవన్నా.

ఇక టోనీ బావ బాబీ అన్న మాట గుర్తు తెచ్చుకో. చివరి సీజన్ రెండో భాగం మొదట్లో, సరస్సులో పడవ మీద ఇద్దరూ కూర్చుని చావు గురించి మాట్లాడుకుంటూ ఉంటే, అది జరిగేటప్పుడు బహుశా మనకి వినబడను కూడా వినబడదేమో అంటాడు. ఆఖరి ఎపిసోడ్‌కి ముందు ఎపిసోడ్ చివర్లో టోనీకి ఆ మాట మళ్ళీ గుర్తొస్తుంది. ఈ సీరియల్‌ని పుట్టించిన డేవిడ్ చేజ్ ఊరికే గుర్తు చేస్తాడా? ఆఖరి ఎపిసోడ్ రాసిందీ, తీసిందీ రెండూ ఆయనే.

నల్ల తెర దాదాపు పది సెకన్లు ఉంటుంది. నేను పెళ్ళి వీడియోలో రెండు సెకన్లు నలుపు వదిలితే చాలు, క్యాసెట్ పాడైందని పెళ్ళికొడుకు మేనమామ ఫోన్ చేస్తాడు. ఈ రోజుల్లో కూడా క్యాసెట్ అనే అంటాడు. పది సెకన్లు వదలాలంటే గుండె ఉండాలి.


కేబుల్_బాబాయ్:

నేను సొప్రానోసూ చూడలేదు, చూడను కూడా. నరసాపురంలో ఇరవై ఏళ్ళు కేబుల్ నడిపాను. మీ పోస్టు మా అబ్బాయి చదివి వినిపిస్తే నవ్వలేక చచ్చాను.

ఆ ఎపిసోడ్ మొదటిసారి వేసిన రాత్రి అమెరికాలో కూడా బోలెడుమంది కేబుల్ పోయిందనే అనుకున్నారట కదా. పాపం అక్కడి కేబుల్ వాళ్ళ పరిస్థితి నాకు తెలుసు. ఒకసారి ఏదో సీరియల్లో తాళి కట్టే ముందు సరిగ్గా మా లైన్ మీద కొబ్బరి మట్ట పడింది. పావుగంటలో మా ఇంటి ముందు ఇరవైమంది ఆడవాళ్ళు. నేను వెనక గుమ్మంలోంచి పోయాను. మా ఆవిడ వాళ్ళందరికీ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. తాళి కట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కాలికి టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నారా? మేత బస్తాల దగ్గర దెబ్బ మంచిది కాదు.


మకాం_మనిషి:

బాబాయ్, వేయించుకున్నానండి. గోరు పోయింది గానీ వేలు ఉంది.

తమ్ముడూ, నువ్వు చెప్పిన గంట లెక్క చూశాను. నిజమే. కానీ నాకో అనుమానం. నలుపు టోనీ చూసిందైతే, అది చావే ఎందుకు కావాలి? నేను కూడా నలుపే చూశాను, నేను బతికే ఉన్నాను కదా.


జెర్సీలో_పాలకొల్లు:

అన్నగారూ, మాది పాలకొల్లు. పద్నాలుగేళ్ళుగా న్యూజెర్సీలోనే ఉంటున్నాం. ఆ హోటల్ సెట్టింగ్ కాదు, నిజంగానే ఉంది. హోల్‌స్టెన్స్ అని, బ్లూమ్‌ఫీల్డ్ ఊళ్ళో బ్రాడ్ స్ట్రీట్‌లో. ఐస్‌క్రీమూ, చాక్లెట్లూ అమ్మే పాతకాలం షాపు. మా ఇంటి నుంచి నలభై నిమిషాలు. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. ఆ టేబుల్ ఖాళీ అయ్యేదాకా ఆగి కూర్చున్నాం. ఉల్లిపాయ చక్రాలు తెప్పిస్తే నాన్న ఒకటి కొరికి, “మన సుబ్బయ్య కొట్టు పకోడీ ముందు ఇదెంత” అన్నారు. నేను ఆయనకి ఆ సీన్ గొప్పతనం చెప్పబోయి ఊరుకున్నాను. ఇప్పుడు మీరు వస్తే ఆ బల్లలు ఉండవు. 2024 మార్చిలో పాత సీట్లు తీసేసి కొత్తవి వేశారు. టోనీ వాళ్ళు కూర్చున్న సీట్లూ బల్లా వేలంలో 82,600 డాలర్లకి పోయాయి. మన డబ్బుల్లో ఎంతో మీరే లెక్క వేసుకోండి, నేను వేసుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

నా లెక్కలో టోనీ చావలేదు. ఎందుకంటే చంపేవాడెవడూ మిగల్లేదు. శత్రువు ఫిల్‌ని అదే ఎపిసోడ్‌లో పెట్రోల్ బంకు దగ్గర, మనవల కళ్ళ ముందే లేపేశారు. అవతలి ముఠా వాళ్ళే సరే అని రాజీకొచ్చారు. టోనీకి మిగిలిన భయం కోర్టు. కార్లో అనే వాళ్ళ మనిషే పోలీసుల వైపు తిరిగిపోయాడు, కేసు పడడం దాదాపు ఖాయమని లాయర్ ముందే చెప్పాడు. కథ చెప్పేది అదే అని నా ఉద్దేశం. చావడు, జైలుకీ పోడు, గంట మోగినప్పుడల్లా తలెత్తి చూస్తూ ఉంటాడు. అదే శిక్ష. మీరు తొంభై రోజులు కరెంటు కోసం చెవులు రిక్కించి పడుకున్నట్టు.

కూతురి పార్కింగ్ గురించి కూడా అందరూ ఏవేవో అర్థాలు తీస్తారు. నాకు మాత్రం అందులో చిక్కేమీ కనబడలేదు. రెండు కార్ల మధ్య ఇరికించి పెట్టాల్సిన చోట నేనూ మూడుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్ళాను. నాన్న దిగి, రా రా, కొట్టు కొట్టు అని చేత్తో చూపించారు.


రాజోలు_కటింగ్:

జెర్సీ అన్నా, అన్నీ చదివావు గానీ 2021లో చేజ్ ఇచ్చిన ఇంటర్వ్యూ వినలేదా? తను మొదట అనుకున్న ముగింపు వేరు. మొదటి టైటిల్స్‌లో టోనీ లింకన్ టన్నెల్ దాటి న్యూజెర్సీ ఇంటికి వస్తాడు కదా. ఆఖర్న తిరుగుదారిలో, అదే టన్నెల్ గుండా న్యూయార్క్ వైపు మీటింగ్‌కి వెళ్తాడు, అక్కడ చస్తాడు. ఆయన నోటితో ఆయనే చెప్పాడు. ఇంకేం కావాలి?


జెర్సీలో_పాలకొల్లు:

తమ్ముడూ, అనుకుని వదిలేసిన సీన్ సీన్ కాదు. పెళ్ళికొడుకు పక్కన నిలబడ్డవాడిని కత్తిరించేశాక వాడు నీ వీడియోలో ఉన్నట్టా, లేనట్టా? 2014లో ఒక వ్యాసంలో చేజ్ టోనీ చావలేదన్నాడని వచ్చింది. ఆ వెంటనే ఆయన తరఫువాళ్ళు ఆ మాటని తప్పుగా అర్థం చేసుకున్నారని ప్రకటన ఇచ్చారు. అన్ని సంవత్సరాలు మాట దాటేసిన మనిషి ఒకరోజు నోరు జారితే అది తీర్పు అయిపోదు. నువ్వు కోర్టు రికార్డులా చూస్తున్నావు.

పైగా టోనీగా వేసిన జేమ్స్ గాండాల్ఫినీ 2013లో రోమ్‌లో గుండె ఆగి పోయాడు. 51 ఏళ్ళే. అది విన్న రోజున టోనీ బతికున్నాడా లేదా అనే వాదన నాకు కొన్నాళ్ళు నోటికి రాలేదు.


తీరం_టీచర్:

ఈ చర్చ మూడు రోజులుగా చదువుతున్నానండి. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నాను. లాక్‌డౌన్‌లో మావారితో కలిసి సొప్రానోస్ మొత్తం చూశాను. ఆయన ఆఖర్న రిమోట్ విసిరేశారు. నాకు మాత్రం అంత వింతగా అనిపించలేదు.

మాది ఐ.పోలవరం వైపు. మా చిన్నాన్న వేటకి వెళ్ళేవాడు. 1996 నవంబర్ 6 తుపాను అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. దీపావళికి నాలుగు రోజుల ముందు. మాకు మతాబులు ముందే కొనిచ్చి వెళ్ళాడు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఎన్ని ఇళ్ళలో మగవాళ్ళు తిరిగి రాలేదో మనవైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కొందరి శవాలు దొరికాయి. చిన్నాన్నది దొరకలేదు. పడవా దొరకలేదు.

సంక్రాంతికి మనం పెద్దలకి బట్టలు పెడతాం కదండీ. మొదటి సంక్రాంతికి మా నాయనమ్మ చిన్నాన్న పేరున ఒక లుంగీ, చొక్కా తెప్పించింది. పెద్దల ముందు పెట్టబోతుంటే పిన్ని లాక్కుంది. ఒక్క మాట మాట్లాడలేదు. తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆ తర్వాత ఏటా తనే కొనేది. కొని పెట్టెలోనే పెట్టేది. అడుగున పెట్టినవి మడతల దగ్గర పసుపు రంగు తిరిగిపోయాయి. ఏడేళ్ళు మనిషి జాడ లేకపోతే చనిపోయినట్టే లెక్క అని చట్టం అంటుంది. ఏడేళ్ళయ్యాక మా నాన్న ఆ మాట పిన్నితో అన్నాడు. పిన్ని, సరే బావా, చట్టానికి లుంగీ అక్కర్లేదు కదా అంది.

వాళ్ళ అమ్మాయి పెళ్ళికి శుభలేఖలు వేయించడానికి అమలాపురం వెళ్ళాం. ప్రెస్సు అబ్బాయి కాగితం మీద రాసుకుంటూ, నాన్నగారి పేరు ముందు కీ.శే. వేయాలా అండీ అని అడిగాడు. మామూలుగా అందరినీ అడిగే ప్రశ్నే. నేను పిన్ని వైపు చూడలేదు, గోడ మీది శాంపిల్ కార్డులు చూస్తూ నిలబడ్డాను. పిన్ని కాసేపు ఆగి, పేరు ఒక్కటీ వెయ్యి బాబూ అంది. శ్రీ కూడా వద్దంది.

ఇంతకీ నేను అడగాలనుకున్నది ఇది. మీరంతా నల్ల తెర టోనీ చూసిందా, మనం చూసిందా అని వాదించుకుంటున్నారు. ఆ టేబుల్‌కి అవతల కార్మెలా కూర్చుని ఉంది కదా. పక్కన కొడుకున్నాడు. కూతురు తలుపు దగ్గర ఉంది. వాళ్ళకి తెర నల్లబడలేదు. ఏం జరిగినా, ఏమీ జరగకపోయినా, ఆ తర్వాతి నిమిషం చూసేది వాళ్ళు. ఇన్ని ఇంటర్వ్యూల్లో ఒక్కరైనా ఆవిడ గురించి అడిగారా?


రాజోలు_కటింగ్:

మేడమ్, నేను ఆ సీన్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కార్మెలా ముఖం మీద ఎన్ని షాట్లు ఉన్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు వెళ్ళి చూస్తాను.


మకాం_మనిషి:

టీచర్ గారూ, మీరు రాసింది మకాంలో చదివి, ఫోన్ పక్కన పెట్టి, కాసేపు గట్టు మీద తిరిగొచ్చాను. ఆ తుపాను అప్పుడు మా ఇంటి దగ్గర కొబ్బరిచెట్లు పడడం నాకూ గుర్తే. మాకు పోయినవి చెట్లు, మీకు పోయింది మనిషి. ఇంతకంటే ఏమనాలో నాకు తెలియలేదు. మీ పిన్నిగారికి మా నమస్కారం చెప్పండి.

నిన్న మధ్యాహ్నం మా ఆవిడ క్యారేజీ తీసుకుని మకాంకి వస్తే, మీరు రాసింది చదివి వినిపించాను. తను అన్నం గిన్నె మూత చేత్తో పట్టుకునే వింది. అయ్యాక ఆ ఆఖరి సీన్ పెట్టండి చూస్తాను అంది. ఈసారి పట్టపగలు, తలుపు బార్లా తీసి, ఏరేటర్లు కళ్ళకి కనబడుతుండగా చూశాం. కాపలా మామ కూడా గుమ్మంలో కూర్చుని చూశాడు. గంట మోగినప్పుడల్లా నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ టోనీని చూడడం లేదు, కార్మెలానే చూస్తోంది. నల్లబడగానే కాపలా మామ ఠక్కున లేచి జనరేటర్ వైపు రెండడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చుని, “ఏటండి ఇది” అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మా ఆవిడ మాత్రం చచ్చాడా బతికాడా అని అడగలేదు. “ఆ ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?” అంది.

నేను తెల్లమొహం వేశాను. 86 ఎపిసోడ్లు చూసిన నాకు ఈ ప్రశ్న రాలేదు. ఆవిడ వదల్లేదు. రేపు ఆయన పోయినా, జైలుకి పోయినా, కోర్టువాళ్ళు వచ్చి తాళం వేస్తే ఆ పిల్లలతో ఎక్కడికి పోతుంది, ఆవిడ పేరున ఏమైనా ఉందా లేదా అని. గుర్తు చేసుకుని చెప్పాను. కార్మెలా వాళ్ళ నాన్నతో కలిసి అమ్మకానికి ఒక ఇల్లు కట్టించింది. ఇంకా ముందు, టోనీ పెరట్లో బాతుల మేత వేసే డబ్బాలో నోట్ల కట్టలు దాచుకుంటే, అందులోంచి ఆయనకి తెలియకుండా 40,000 డాలర్లు తీసి విడిగా దాచుకుంది.

“మేత డబ్బాలోనా?” అంది మా ఆవిడ.

అవునన్నాను. క్యారేజీ సర్దుకుని లేస్తూ మేత బస్తాల వైపు ఒకసారి చూసింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ చూసింది. ఇవాళ పొద్దున్న వచ్చేసరికి బస్తాలన్నీ కొంచెం పక్కకి జరిపి ఉన్నాయి. కాపలా మామని అడిగితే, నాకేం తెలుసండి, అమ్మగారు లెక్కపెట్టుకుని వెళ్ళారు అంటున్నాడు.